అరవై నాలుగు శాతం దగ్గర

టేమా రేవులో దిగిన కంటైనర్‌లోంచి
నా వాటాకి వచ్చినవి పదకొండు.
పది, మూత ఎత్తగానే నోరు విప్పాయి.
ఇదొక్కటే
పాస్‌వర్డ్ అడిగి ఊరుకుంది.

తాళం వేసిన తెర మీద ఒక పేరు, ఇంగ్విల్డ్.
పక్కన గుండ్రంగా కత్తిరించిన ఫోటోలో
నాలుక బయటపెట్టిన గోధుమరంగు కుక్క.
గడియారం మాకంటే రెండు గంటలు ముందుంది.
ఇంకా నార్వేలోనే ఉన్నాననుకుంటోంది పాపం.

అక్రాలో, సర్కిల్ వెనక సందులో మా కొట్టు.
ఎదురుగా పండిన అరటి ముక్కలకి
అల్లం, కారం పట్టించి వేయించే పొయ్యి.
సాయంత్రమయ్యేసరికి ప్రతి మదర్‌బోర్డుకీ అదే వాసన.

"లోపలేముందో చూడవా జిఫా?" అన్నాడు ఎదెమ్.
పనికి చేరి మూడు వారాలు వాడు.
చూడటానికి దారులున్నాయి. నాకు తెలుసు.
మొదటి ఏడాది చూశాను కూడా:
ఎవరిదో ఎక్స్‌రే, ఎవరివో అప్పుల పట్టీలు,
"అమ్మకి చెప్పాల్సినవి" అని పేరు పెట్టిన
ఖాళీ ఫైలు ఒకటి.
ఆ ఖాళీ చూశాక రెండు రాత్రులు గొంతులోంచి ముద్ద దిగలేదు.
అప్పట్నుంచి
తలుపు తీయకుండానే ఇల్లు కడుగుతున్నాను.

నీలం తెర. రెండే దారులు:
నా ఫైళ్లు ఉంచు. అన్నీ తీసెయ్.
మూడోది ఒకటుంటే బావుండేది,
కుక్కని మాత్రం ఉంచు, అని.

ఒకటి. ఏడు. పంతొమ్మిది.
కంప్యూటర్‌ను ఆపవద్దని బతిమాలుకుంటోంది.
అరవై నాలుగు దగ్గర
సందంతా ఒక్క దెబ్బకి ఆరిపోయింది.

డుమ్‌సోర్ అంటాం దీన్ని, ఆర్పు-వెలిగించు అని.
ఫ్యాన్ రెక్కలు అలవాటు కొద్దీ ఇంకాసేపు తిరిగాయి.
మిగిలింది ఈ తెర వెలుగే.
దాని కింద, ఎవరో వాడి వాడి అలిసిన బ్యాటరీ:
పొద్దున కొలిచినప్పుడు పదిహేడు నిమిషాలు.

ఇప్పుడాగితే ఇది ఇంగ్విల్డ్‌దీ కాదు, ఎవరిదీ కాదు.
పాతది పోయి కొత్తది రాని
ఆ మధ్య గదిలో ఉండిపోతుంది.
నాకా గది తెలుసు.
కేతాలో సముద్రం మా వీధిని తినేసిన ఏడాది
పిన్ని వాళ్ల వరండాలో ట్రంకుపెట్టె మీద కూర్చుని
ఎవరైనా "ఏ ఊరమ్మా" అంటే
నోరు పెగిలేది కాదు.

ఎదెమ్ జనరేటర్ తాడు లాగుతున్నాడు.
దగ్గు. మళ్లీ దగ్గు.
పెట్రోలు నిన్ననే అయిపోయిందని గుర్తొచ్చింది, చెప్పలేదు.
తెర అంచుకి వేళ్లు ఆనించి కూర్చున్నాను
జ్వరం చూస్తున్నట్టు.
డెబ్బై.
డెబ్బై ఒకటి.
అరటి ముక్కల అఫీ అక్క తన లాంతరు తెచ్చి
ఏమీ అడక్కుండా బల్ల మీద పెట్టి పోయింది.
మూత మీద ఆమె నూనె వేళ్ల ముద్ర.

ఎనభై ఎనిమిది దగ్గర ఎంతసేపుందో చెప్పలేను.

తర్వాత, హలో అంది.
ఎన్నో భాషల్లో అంది, మా ఎవేలో తప్ప.
ఏ దేశం? ఏ మీటలు? నిన్నేమని పిలవాలి?
ఎనిమిదో రోజు పసిబిడ్డను గడప దాటించి
పొద్దుటెండలో పేరు పెడతారు మావాళ్లు.
ఆ బిడ్డకైనా అప్పటికే
వాళ్లమ్మ ముక్కు వచ్చి ఉంటుంది.

దీనికీ వచ్చింది.
మీటలు ఊడదీసి కుంచెతో దులిపితే
స్పేస్ బార్ కింద గోధుమరంగు వెంట్రుకలు నాలుగు.
ఫ్యాక్టరీ ఎరగనివి.
మూడు ఊదేశాను.

అడ్డగీత కొట్టిన వాళ్ల ఓ మీద
ఒకవైపు నోరు తెరిచిన మా ఓ స్టిక్కరు అంటించాను.
అంచున పాతది కాస్త కనిపిస్తోంది. కనిపించనీ.

రేపెవరో వచ్చి కొత్తదేనా అని అడుగుతారు.
ఎదెమ్ అవునంటాడు.
వాడికింకా మూడు వారాలే.