ఇరవై ఏడో కార్డు

వేదిక మీద నాయకుడు ధర గురించి మాట్లాడుతున్నాడు.
వెనకెక్కడో ఎవరో దగ్గుతున్నారు.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని
మూడు రాత్రులు ఆ దగ్గుని ఏరిపారేశాను
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

భటిండాలో నా గది కింద సైకిల్ రిపేరు కొట్టు.
పగలంతా రిమ్ముల మీద సుత్తి దెబ్బలు,
అందుకే రాత్రుళ్లే నా కోత.
నాలుగు వందల గంటల సరుకుంది,
తొంభై నిమిషాలు చాలంటున్నారు.
"ఇంత తూర్పారబట్టి గింజ ఇంతేనా" అని
జస్మేర్ నవ్వుతాడు. కెమెరా అతనిదే.
ఆ చలికాలమంతా టిక్రీ దగ్గర
ట్రాలీ కింద గడ్డి పరుచుకుని పడుకున్నాడు,
బ్యాటరీలు చల్లబడిపోకుండా చొక్కాలో దాచుకుని
గుడ్లు పొదిగే కోడిలా.

దగ్గు మళ్లీ వచ్చింది.
పదకొండో కార్డులో, టార్పాలిన్ మీద వాన పడుతుంటే.
పంతొమ్మిదిలో, కుర్రాళ్లు నీటి ఫిరంగికి ఎదురెళ్లి
తడిసి ముద్దై తిరిగొచ్చాక.
ప్రతిసారీ ఫ్రేముకి అవతల.
ప్రతిసారీ ఎడమ చెవిలో.

ఇరవై ఏడులో దొరికింది.
ఫోకస్ చూసుకోడానికి జస్మేర్ ఊరికే తీసిన ముక్క.
పొయ్యి, పెనం, పొగ.
బచింత్ కౌర్. మాన్సా వైపు మనిషి.
రెండెకరాల కౌలు, భర్త పోయినా పోని అప్పు.
రొట్టె తిరగేసి, మోచేతిలోకి దగ్గి,
కెమెరాని చూసి కసిరింది.
"నన్నేం తీస్తావు? మాట్లాడేవాళ్లు అదుగో అక్కడున్నారు.
ముందా చేతులు ఖాళీ చేసి
తిను."
బొమ్మ ఊగి, కెమెరా గడ్డిలో పక్కకి ఒరిగింది.
ఆ తర్వాత నాలుగు నిమిషాలు
ఒక చక్రం, ఒక తెగిన చెప్పు,
అతను నమిలే చప్పుడు.

ఆమె ఏమైందని ఫోన్లో అడిగాను.
చాలాసేపు లైను మీద గాలి.
"ఆ జనవరిలో వాళ్ల ట్రాలీ
అందరికంటే ముందు ఊరెళ్లింది" అన్నాడు.
ఎందుకని నేనడగలేదు.

నిర్మాత బారికేడ్లు విరిగే దృశ్యంతో మొదలెట్టమంటాడు.
డ్రోన్ షాటు ఉందిగా, వాడు అంటాడు.
నిజమే, పైనుంచి చూస్తే
ట్రాక్టర్లు దారానికి గుచ్చిన పూసల్లా ఉంటాయి.
పైనుంచి చూస్తే ఎవరికీ దగ్గు రాదు.

శుభ్రం చేసిన సౌండు ఫైళ్లన్నీ చెరిపేశాను.
కింద సైకిల్ కొట్టు షట్టరు లేచింది.
మళ్లీ మొదటి కార్డు.
నాయకుడు ధర గురించి మాట్లాడుతున్నాడు.
దగ్గు వినపడ్డప్పుడల్లా
అతను అర క్షణం ఆగి, అటు చూసి,
అప్పుడు మాట అందుకుంటున్నాడని
ఇప్పుడు కనిపెట్టాను.