దిడ్డి వాకిలి

గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన
కాకులమెట్ట మీద కోట. కోటంటే ఇప్పుడు
మూడు బురుజుల మొండాలు,
జీడితోటకు కంచెగా మిగిలిపోయిన గోడ,
సర్కారు తుమ్మ నిండిన అగడ్త.
కొలిచి గీసుకు రమ్మని భీమిలి నుంచి నన్ను పంపారు.
టేపు రెండో కొస పట్టడానికి దాలయ్య వచ్చాడు,
పదకొండు మేకల్ని వెంటేసుకుని.
"ఈటికీ కూలీ రాసుకుంతారేటమ్మా?" అని నవ్వాడు.

ఎవరు కట్టారు?
ఊళ్ళో ఒకరు ఒడ్డెరాజంటారు, ఒకరు రెడ్డిరాజంటారు,
పూజారిగారు మాత్రం పాండవులకు తగ్గరు.
గోడ ఏమీ అనదు. తన వయసులు చూపిస్తుంది:
అడుగున ఎర్ర కొండరాయి, గోటికే పొడి రాలే జాతి,
నడుమ ఇటుక, మూడు వేళ్ళ మందం,
పైన, తర్వాతెవరో హడావిడిగా పేర్చిన గుండ్రాళ్ళు.
భయం ఎక్కడ మొదలైందో అక్కడ తెలుస్తుంది.
సందులు వెడల్పవుతాయి.

సున్నం గీరితే ఆల్చిప్పల ముక్కలు.
సముద్రాన్ని బట్టీలో కాల్చి, బెల్లం నీళ్ళు పోసి,
ఎద్దుల చేత గానుగలో తిప్పి తిప్పి నూరించి
తట్టల్లో కొండెక్కించారు.
ఒక్క గవ్వ కాలకుండా, నలక్కుండా దొరికింది.
చెవి దగ్గర పెట్టుకోబోయి
దాలయ్య చూస్తున్నాడని మానేశాను.

సింహద్వారం తూర్పున, అంబారీ ఏనుగు పట్టేంత.
కుడి సింహం ఉంది, ముక్కు లేదు.
ఎడమ సింహం రేవులో బోర్లాపడి
బట్టలుతికే బండగా బతుకుతోందట.
తలుపులు ఎప్పుడో ఎవరింటి పొయ్యిలోకో పోయాయి.
తలుపు పోయినా తిరిగిన జాడ రాతిలో ఉంటుంది కదా,
మట్టి తీసి గుంటలో వేలు పెట్టాను.
ఒక్క కణుపు లోతు. అంచు ఇంకా పదునుగానే ఉంది.
"అది గొప్పోల గుమ్మం," అన్నాడు దాలయ్య,
"పెళ్ళికీ యుద్దానికీ తీసీవోరట.
రెండూ రోజూ రావు గదా."

పడమట, జీడికొమ్మలు ఎత్తి పట్టుకుంటే
దిడ్డి వాకిలి. ఒక మనిషి, నెత్తి మీద ఒక తట్ట,
అంతకు మించి పట్టదు.
గడపరాయి నడుమ పల్లంగా అరిగింది.
పక్కన గుంటలో చెయ్యి పెట్టాను.
వేళ్ళు మునిగాయి, అరచెయ్యి మునిగింది, గాజులు రాతికి తగిలాయి.
లోపల నున్నగా, వెన్న గిన్నె అడుగులా.
రాత్రి కురిసిన వాన ఇంకా చల్లగా ఉంది.

ఎన్ని తెల్లవారుజాములు కిర్రుమంటే
రాయి ఇంత లోతవుతుంది?
ఉప్పు కావిళ్ళు, నెత్తళ్ళ తట్ట, నీళ్ళ బిందెలు,
అర్ధరాత్రి మంత్రసాని,
పెంట ఎత్తి పారబోసిన చేతులు.
రాజు పేరు తెలిసినవాళ్ళే అందరూ,
రాజుకు పేరు తెలియనివాళ్ళు.
ఓడిపోయిన రాత్రి రాజు కూడా
ఇటునుంచే పోయి ఉంటాడు,
అలవాటు లేక తల కొట్టుకుని.

ఆఫీసు కాగితంలో ప్రధాన ద్వారానికి పెద్ద గడి ఉంది.
దిడ్డికి లేదు. "ఇతరములు" కింద ఇరికించాను.
పొడవు రాశాను, వెడల్పు రాశాను.
ఎత్తు దగ్గర ఆగిపోయాను. పైరాయి లేదు,
ఎవరి గడపయ్యిందో, ఎవరి సన్నికల్లయ్యిందో.

పొద్దు వాలింది. దూరంగా ఓడల దీపాలు.
దాలయ్య నాలుక మీద ఏదో శబ్దం చేశాడు.
గోడ ఎక్కడికక్కడ కూలి ఉంది, ఎటునుంచైనా దిగొచ్చు.
మేకలు మాత్రం దిడ్డి లోంచే
ఒంటివరసన దిగాయి.
వాటి వెనక అతను. సరిగ్గా గడప దగ్గర
తల కాస్త వంచాడు.
పైన రాయి లేదు. ఆకాశం ఉంది, కొంగలు పోతున్నాయి.

"దాలయ్యా, కదలకు," అన్నాను.
వంగిన తల మీదికి టేపు పట్టి రాసుకున్నాను:
ఎత్తు, నాలుగు అడుగుల పది అంగుళాలు.