నలభై మూడో అభిప్రాయం

ముసాయిదాలో అరవై ఒకటో నిబంధన, మూడో ముక్క:
"సరఫరా నిలిపే ముందు పంపిణీ సంస్థ
వినియోగదారుకు తెలియజేయవచ్చు."

పదకొండు వారాలుగా కొట్లాటంతా ఆ వచ్చు మీదే.

వచ్చు అంటే రావడమే కదా అనిపిస్తుంది.
రాకపోవడం కూడా దాని వెనకే
కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంటుంది.
చుట్టం కబురు పెట్టినట్టు: వస్తే రావచ్చు.
ఎసట్లో బియ్యం ఎన్ని పొయ్యాలి?

మెరిన్ టోల్‌హర్స్ట్ అడిలైడ్ నుంచి
రెండున్నర గంటలు కారు నడిపి పోర్ట్ పిరీ వచ్చింది,
వెనక సీట్లో నలభై రెండు అభిప్రాయాల పెట్టెకి
బెల్టు పెట్టి మరీ.

గాలిమరల వాళ్ళు సూత్రప్రాయంగా స్వాగతించారు
(అంటే ఒప్పుకోరు).
చిల్లర అమ్మకందార్ల సంఘం నూట పద్నాలుగు పేజీలు.
అందులో సహేతుకం అన్న మాట ఎనభై ఆరు సార్లు,
మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ లెక్కపెట్టింది.
సీసం కొలిమి వాళ్ళది ఒకే పేజీ:
గంట ఆగితే కరిగింది గడ్డకడుతుంది,
గడ్డకట్టిందాన్ని సుత్తులతో పగలగొట్టాలి.
అబద్ధం ఎవరూ రాయలేదు.
అదే కష్టం.

ఫుట్‌బాల్ క్లబ్బు హాలు. పంతొమ్మిది మంది.
మూల టీ డ్రమ్ము సలసలా.
తెర మీద ఒక కుర్రాడు ధరల గీత చూపించాడు,
ఐదు నిమిషాలకో మెట్టు.
సాయంత్రం ఆరున్నర దగ్గర
ఆ గీత నిట్టనిలువుగా లేస్తే
ముందు వరసలో ఎవరో ఈల వేశారు.

అప్పుడు లేచింది స్టమాటియా వూల్గారిస్.
చేతిలో మీటరు రీడింగుల నోటుబుక్కు.

"గడువు నిన్నటితో అయిపోయిందట. నా చేతిరాత నిదానం.
మా ఆయన నలభై ఏళ్ళు పడవ మీద గాలికి ఎదురెళ్ళాడు,
ఇప్పుడు గాలి ప్లగ్గులోంచి రావాలి.
కరెంటు పోతే ఒక సిలిండరుంది.
మీ ఐదు నిమిషాల్లో చెప్పాలంటే
అది ఎనిమిది.
బిగించడానికి నాకొకటి పోతుంది, చేతులు వణికితే రెండు.
అంబులెన్సు వచ్చేసరికి నాలుగు, రోడ్డు బాగుంటే.
ఎప్పుడు పోతుందో ముందే చెబితే
ఆసుపత్రికి మేమే వెళ్ళి కూర్చుంటాం.
చెప్పకపోతే, మిగిలిన రెండూ
ఏ ధరకి అమ్ముతారు మాకు?"

పంపిణీ సంస్థ తరఫున కాలమ్ డ్రెజ్విన్ లేచాడు.
మంచివాడే.
"సందేశం పంపుతాం అమ్మా. కానీ కరెంటు లేకపోతే
సెల్ టవరూ పడుకుంటుంది. ఆ టవరు మాది కాదు.
తెలియజేయవలెను అని రాస్తే
మాది కాని టవరుకి మేం దోషులం."
అని, చేతిలో కాగితాన్ని
నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పాడు.

టీ డ్రమ్ము ఒక్కటే మాట్లాడింది కాసేపు.

ఆఫీసు నియమం: గడువు దాటిన వాటిని స్వీకరించరాదు.
మెరిన్ రిజిస్టరు తెరిచి నలభై మూడు అని వేసింది.
తేదీ గడిలో అబద్ధం రాయలేదు.
ఆలస్యం: ఒక రోజు. కారణం: చేతిరాత.
పైవాళ్ళెవరూ అడగలేదు,
లేదా అడగకుండా ఊరుకున్నారు.

వచ్చు కొట్టేసి వలెను పెట్టింది.
న్యాయ విభాగం దాని ముందు
వీలైనంతవరకు అని చేర్చింది.
ఆ మాట పట్టేంత చోటు వాక్యంలో లేదని ఆమె,
ఉందని వాళ్ళు. మూడు సమావేశాలు.
చివరికి అచ్చయినది ఇది:
వీలైనంతవరకు తెలియజేయవలెను,
వైద్య పరికరాలున్న ఇళ్ళకు మాత్రం
వీలుతో నిమిత్తం లేకుండా.
టవరు సంగతి మరో సంప్రదింపుకి.
అడుగున తొమ్మిదో సూచిక, చీమల అక్షరాల్లో:
నలభై మూడో అభిప్రాయం చూడండి.
అమలు వచ్చే జులై నుంచి.

ఈ మధ్యలో ఒక వేసవి ఉంది.

ఆ రాత్రి ఇంట్లో కెటిల్ పెట్టి గడియారం చూసింది మెరిన్.
నీళ్ళు మరిగేసరికి ఒకటి.
టీ చల్లారేసరికి నాలుగు.
ఎనిమిదో దాని దగ్గర లేచి
దీపం ఆర్పి, చీకట్లో కొంచెం నిలబడి,
మళ్ళీ వేసింది.

వచ్చింది.