మిగిలిన విమానం

కుషిరోలో చేపల రేవు వెనక
ఆ ఆటల దుకాణం ఇవాళ్టితో సరి.
కిరోసిన్ పొయ్యి వాసన మాత్రం
గోడల్ని వదిలి పోనంటోంది.

చిజురు యాభై యెన్ల బిళ్ళ తీసింది,
నడుమ చిల్లున్నది.
అప్పట్లో ఆ చిల్లులోంచి చూస్తూ
తన వంతు కోసం నిలబడేది.
వంతు వచ్చేది కాదు; వచ్చిన రోజున బిళ్ళ ఉండేది కాదు.

డబ్బాల ఫ్యాక్టరీ మోరిగుచి ఆడేవాడు,
వేళ్ళకి సార్డీన్ పొలుసులు, పెదవి చివర సిగరెట్టు.
రెండో షిఫ్టు కూత వినపడగానే
ఒక విమానం మిగిల్చి లేచేవాడు:
"ఇది నీది. కూల్చెయ్యకు."

ప్రతిసారీ కూల్చేసింది.
నిమిషం కూడా నిలపలేదు.
ఏమైందని అతను ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు యాభై నాలుగేళ్ళ వేళ్ళు
ఎర్ర మీట పక్కన సిగరెట్టు కాల్చిన మచ్చని
చూడకుండానే పట్టేశాయి.
మూడు విమానాల్లో రెండు పోయాయి, మామూలే.

మూడోది బతికుండగానే లేచింది.
వెనక ఎవరూ లేరు. తెలుసు.
అయినా స్టూలు కొంచెం పక్కకి జరిపి,
చేతి తొడుగులు వేసుకుంటూ
తలుపు దాకా వెళ్ళి ఆగింది,
పేలిన చప్పుడు కోసం.

ఇంకా వినపడలేదు.