చందాల పుస్తకం

నా దస్తూరీ బాగుంటుందని
పుస్తకం నా చేతికిచ్చారు.
సగం వాడి వదిలేసిన లెక్కల నోటుబుక్కే.
ఈ పేజీలో వర్గ సమీకరణం,
తిప్పితే
నాన్న చావు ఖర్చు.

హోమా బే ఆసుపత్రి వెనక చల్లగదిలో
నాన్న పడుకుని పదకొండో రోజు.
రోజుకింతని అద్దె.
బతికుండగా ఒక్క రాత్రి లాడ్జిలో దిగని మనిషి,
సవారీలు దించేసి, ఎంత పొద్దుపోయినా
సరస్సు గాలికి చొక్కా ఉబ్బించుకుంటూ
బైకు మీద ఇంటికే వచ్చి పడుకున్న మనిషి.
నైరోబీ నుంచి పెదనాన్న రావాలట.
ఆయనకు సెలవు దొరకదు.
అద్దె మాత్రం ఆదివారం కూడా సెలవు తీసుకోదు.

రాస్తున్నాను:
అమ్మతో చేపలమ్మే వాళ్ల పొదుపు గుంపు, మూడు వేలు.
ఒదెరో మాస్టారు, ఐదొందలు.
బైకు స్టాండు కుర్రాళ్లు, నాలుగు వేల రెండొందలు,
నోట్లన్నీ పెట్రోలు వాసన.
చర్చి వాళ్లు, ప్రార్థన, ఒక డేరా.
నానమ్మ వరుస మీద వేలు పెట్టి అంది:
"సరిగ్గా రాయి. ఇది ఇచ్చింది కాదు,
ఇచ్చి ఉంచింది.
వాళ్లింట్లో దీపం ఆరిననాడు
మనం ఈ పేజీ వెతుక్కోవాలి."

ఎద్దుని కోశారు.
కాడికి ఎడమవైపు కట్టేది.
కుడివైపుది రాత్రంతా కట్టుకొయ్య దగ్గర అరిచింది.
ఒంటెద్దుతో దున్నకం ఎలాగని ఎవరూ అడగలేదు;
ముద్ద నోట్లో ఉండగా అడిగే ప్రశ్న కాదది.
పంచదార రెండు బస్తాలు.
ఏడ్చి గొంతెండిన వాళ్లకి టీ పొయ్యకపోతే
ఊరేమనుకుంటుంది?

బైకు వాయిదాలు ఇంకా తొమ్మిది.
కంపెనీ మనిషి వచ్చాడు, టోపీ తీశాడు,
చాలా బాధగా ఉందన్నాడు,
తాళంచెవి అడిగాడు.

నాన్న ఫోనులో డబ్బుంది.
ఎంతో తెలీదు. రహస్య సంఖ్య నాన్నతోనే పోయింది.
నా పుట్టిన సంవత్సరం కొట్టాం. తమ్ముడిది కొట్టాం.
మూడోసారి తప్పితే మూసుకుపోతుందని
భయపడి ఆగాం.
నడుముకు చుట్టుకున్న గుడ్డ ముడిలో
అమ్మ దాన్ని దాచుకుంది,
మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది.
అప్పిచ్చిన వాళ్లొక్కళ్లే ఇంకా
నాన్నని పేరు పెట్టి పిలుస్తున్నారు:
ప్రియమైన ఒబుంగా,
మీ గడువు రేపటితో ముగుస్తుంది.

పన్నెండో రాత్రి, అందరూ డేరా కింద ఒరిగాక
మొక్కజొన్న పిండి డబ్బా అడుగునుంచి
అమ్మ నా రెండో టర్ము ఫీజు తీసింది.
లాంతరు దగ్గర రెండుసార్లు లెక్కపెట్టింది.
నావైపు చూడలేదు.
పుస్తకం తెరిచాను.
దస్తూరీ బాగుండాలి కదా.
నలభై మూడో వరుస:
అపోండి, కూతురు, పద్నాలుగు వేలు.

ఇచ్చింది కాదు, ఇచ్చి ఉంచింది.
ఎవరి దగ్గర, నానమ్మా?

మర్నాడు పెదనాన్న దిగాడు,
కొత్త బూట్లకి మా వాకిలి బురద అంటకుండా
ఆచితూచి అడుగేస్తూ.
శవపేటిక చెక్కని వేలితో కొట్టి చూసి
"ఇంత చవకదా?" అన్నాడు.

ఆ మాట ఏ వరుసలో రాయాలో తెలీక
పెన్ను మూత పెట్టేశాను.