ఆది జాకెట్టు

మిషను ముందు కూర్చున్నానంటే
ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే:
ఆది జాకెట్టు తెచ్చావా?
తేకపోతే టేపు తీస్తాను.
భుజం, చంక, చేతి పొడవు.
పాలిచ్చే తల్లికి ముందు హుక్కులు,
ఒక చెయ్యి వాచిన నూకాలమ్మకి ఆ ఒక్క చెయ్యి వదులు.
పర్లాకిమిడి పెద్దబజారు వెనక సందులో
ఇరవైరెండేళ్ళుగా ఇదే నా చదువు.

మావాడు ఢిల్లేశు.
జుట్టూ రెప్పలూ తెలుపు, కళ్ళు నిలబడవు,
తూకం కుదరని తక్కెడ ముల్లులా
అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా.
"ఒడియా అక్షరాలన్నీ గొడుగులేసుకుని నిలబడతాయమ్మా,
గొడుగు కింద ఎవరున్నారో నాకు తెలీదు" అన్నాడొకసారి.
నాకు నవ్వొచ్చింది.
రాత్రి దీపం తీశాక రాలేదు నిద్ర.

అర్జీ ఒడియాలోనే ఉండాలట.
పక్కింటి సాబిత్రి అపా రాసిచ్చింది,
నాకు చదవడం రాని లిపిలో నా కొడుకుని.
డాక్టర్ల కాగితం కోసం జిల్లా ఆసుపత్రి.
రెండు బుధవారాలు వట్టినే పోయాయి:
ఓసారి కళ్ళ డాక్టరు లేడు,
ఓసారి పెళ్ళివారి జాకెట్లు తెమలక నేనే వెళ్ళలేదు.
చివరికి వాడి చూపుకో అంకె వేశారు.
"నలభై దాటింది, మంచిదయింది" అన్నాడు గుమస్తా.
ఏది మంచిదో నేనడగలేదు.

పాణిగ్రాహి సారు చెడ్డవాడు కాదు.
కాగితం రెండువైపులా తిప్పి చూసి
"అరవైమందికీ ఒకటే బోర్డు, ఒకటే ప్రశ్నపత్రం.
ఒక్కడికి వేరేగా చేస్తే
మిగతా పిల్లలేమనుకుంటారమ్మా?" అన్నాడు.
ఆయనింటి ఆడవాళ్ళ బట్టలు కుట్టేది నేనే.
"అమ్మగారికీ మీ కోడలికీ
ఒకే కొలతెట్టి కుట్టీమంటారేటి సారూ?"
నోరు జారింది. కాళ్ళు వణికాయి.
ఆయన నవ్వలేదు. చాలాసేపు కాగితం కేసే చూశాడు.
మొదటి బెంచీ అన్నాడు, కిటికీ పక్కన, వెలుతురుగా.
పరీక్షకి గంటకి ఇరవై నిమిషాలు ఎక్కువ.
పెద్దక్షరాల పేపరు మాత్రం పైనుంచి రావాలి,
రాస్తాను, చూద్దాం.

గెలిచినట్టే ఇంటికొచ్చాను.
దారిలో ఛెనాపొడొ కూడా కొన్నాను.

వారం తిరక్కుండా వాడి నోటుపుస్తకం తెరిస్తే
ఖాళీ. మునుపటికన్నా ఖాళీ.
"ఏటిరా ఇది?"
"కిటికీ దగ్గర ఎండ కళ్ళల్లో గుచ్చుతాదమ్మా,
బోర్డంతా తెల్లగా వెలిగిపోతాది.
గోడవార రెండో బెంచీలో, ఆ చీకటి మూలైతే
నాకు బాగుంటాది."
"మరి సెప్పలేదేం?"
"నన్నెవరడిగారు?"

టేపు నా మెడలోనే వేలాడుతోంది.

ఆ రాత్రి వాణ్ణి బట్టలు కత్తిరించే బల్లమీద కూర్చోబెట్టి
మొదట్నుంచీ అడిగాను.
గోడవార బెంచీ. నల్లగీతలు దట్టంగా ఉన్న పుస్తకం.
బోర్డుమీద రాసేది నోటితో కూడా చెప్పాలి.
ఎండలో ప్రార్థనప్పుడు టోపీ.
కాస్త ఆగి, "తెల్లగుంటడని పిలవకూడదు.
అది కూడా రాయొచ్చా?"
రాయించు, అన్నాను.

రెండో అర్జీ వాడే చెప్పాడు
సాబిత్రి అపాకి, ఒడియాలో, గడగడా.
నాకు సగమే అర్థమైంది. సంతకం నాది.

పెద్దక్షరాల పేపరు ఇంకా రాలేదు.
జెరాక్సు కొట్టులో పాఠాన్ని పెద్దది చేయిస్తే
పేజీకి పది రూపాయలు, రెండు హుక్కుల జాకెట్ల కూలి
ఒక్క పాఠానికే సరి.
కత్తెరకి ముందు గుడ్డ పరిచినట్టు
ఆ కాగితాలు నేలమీద పరిస్తే
వాడు బోర్లా పడుకుని, ముక్కు ఆనించి
ఒక్కో గొడుగూ ఎత్తి చూస్తున్నాడు.
ఈ పేజీలో ఇద్దరు ఇంకా దొరకలేదట.
రేపు వెతుకుతానన్నాడు.