వదిలినవి

బిట్రగుంట లోకోషెడ్డులో
పైనుంచి ఒకడు బొగ్గు పెళ్లలు విసిరితే
కింద అందుకునే పని చెంచురామయ్యది.
పద్దెనిమిదేళ్లవాడు.
పెళ్ల నేల పడితే మేస్త్రీ అణా కోసేవాడు.
ఇంజను మెట్టు మీద చుట్ట కాలుస్తా
డిక్రూజ్ డ్రైవరు ఒక పూటంతా చూశాడంట.
"వీణ్ణి గోల్లో నిలబెట్టండి" అన్నాడంట.
ఉద్యోగం మారలేదు.
సాయంత్రాలు మారాయి.

గోలు స్తంభాలు సరుగుడు వాసాలు.
వల జువ్వలదిన్నె పట్టపుపాళెంలో అల్లింది,
ఎన్ని వానలు కురిసినా నీచు వాసన పోలేదు.
ఎప్పుడన్నా గోలు పడితే
బంతి అందులో కానాగంత మాదిరి కొట్టుకునేదని
చూసినవాళ్లు చెప్పేవాళ్లు.

నేను అతని ఆట చూడలేదు.
నాకు ఊహ తెలిసేసరికే
అతని కుడిచేతి చిటికెనవేలు
గూడూరు ఫార్వర్డు బూటు కింద విరిగి,
పట్టాలు మార్చే పాయింటులాగా
పక్కకి తిరిగిపోయి ఉంది.

నాకు తెలిసింది మేనేజరు చెంచురామయ్య.
మేనేజరంటే ఏమనుకున్నారు?
బంతికి గాలి కొట్టేవాడు.
నిమ్మకాయలు కోసి ఉప్పద్ది పెట్టేవాడు.
గార్డుని బతిమాలి
పదకొండుమందిని బ్రేకువ్యానులో ఎక్కించి
తను మాత్రం టిక్కెట్టు కొనుక్కునేవాడు.
ఆట మొదలైతే బెంచీ మీద కూర్చోలేడు.
మా గోలు వెనక, వలకి అవతల నిలబడేవాడు.
అతని ఊపిరి నా వీపుకి తెలిసేది.
"ముందుకి రా బ్బయా, ముందుకి.
గీత మీద నిలబడితే గోలు పెద్దదవద్ది."

ఒంగోల్లో గెలిచిన వెండి కప్పు
దీపాల గదిలో ఉండేది,
కిరసనాయిల్లో నానిన ఒత్తులు పెట్టుకోడానికి.
ఇన్‌స్టిట్యూటు అద్దాల బీరువాలో పెడదామంటే
"ఒత్తులకి చోటేది?" అనేవాడు.
మేం నవ్వేవాళ్లం.

ఒక రిజిస్టరు కూడా ఉండేది.
పాత బొగ్గు లెక్కల పుస్తకం.
తేదీ, ఊరు, కొట్టిందెవరు, ఏ కాలు, ఏ మూల,
వదిలిందెవరు.
ఆపినవి ఒక్కటీ రాయలేదు.
"ఆపినవి జనం చెప్పుకుంటారు లేరా.
వదిలినవి మనమే రాసుకోవాల."

కావలి ఆట రోజు
బంతి నా మోకాళ్ల సందున జారి
గీత దాటింది. జానెడు.
వెనక్కి లాగి గుండెకి హత్తుకున్నాను.
రిఫరీకి ఎండ ఎదురు.
నా మొహంలోకి చూశాడు.
తల అడ్డంగా ఊపాను.
ఒకటీ సున్నా, మేం గెలిచాం.
స్టేషను దాకా నన్ను భుజాల మీద మోశారు.
వల వెనక మనిషి
ఆ రాత్రి బ్రేకువ్యానులో ఒక్క మాట మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం గోల్లో మస్తాన్‌వలీ.
నా చేతికి కత్తి, నిమ్మకాయల సంచి.
ఎందుకని అడగలేదు.
ఎందుకో చెప్పలేదు.
కోపంతో గూడూరు జట్టులో చేరి
మూడేళ్లు అతని మీదే ఆడాను.
ఎదురైతే కాళ్లకేసి చూసి
"బూటు బిగించుకో" అనేవాడు. అంతే.

ఆవిరి ఇంజన్లు పోయాయి.
టర్న్‌టేబుల్ గుంటలో చిల్లచెట్లు మొలిచాయి.
దీపాల గది ఊడ్చినవాడు
రిజిస్టరు తెచ్చి నా గుమ్మంలో పెట్టాడు.
పుటపుటకీ కిరసనాయిలు వాసన.

ముందు ఒంగోలు ఫైనల్ వెతికాను.
గెలిచిన ఆట. గోలు పడని ఆట.
అయినా ఒక వరుస ఉంది,
ఎప్పుడో తర్వాత, వేరే సిరాతో:
"ఎడం మూల. గీత దాటింది.
రిఫరీ చూడలా. నేను చెప్పలా."

కావలి పేజీ తెరవడానికి
రెండు రోజులు పట్టింది నాకు.
తేదీ ఉంది. కుడికాలు, కింద, మోకాళ్ల సందు.
జానెడు అని కూడా ఉంది.
వదిలిందెవరు అన్నచోట
నా పేరు లేదు.
వంకర చిటికెనవేలు కాగితం మీద ఈడ్చిన మరక,
దాని పక్కన
చెంచురామయ్య.